దాతల హాల్లో మా అమ్మ

మా ఊరి దవాఖానలో తలనొప్పికి మందు దొరక్కపోవచ్చు గానీ, ఆ మందు పెట్టే అలమారా ఎవరిచ్చారో మాత్రం తప్పకుండా తెలుస్తుంది. అలమారాకు పేరుంది. బెంచీకి పేరుంది. చేతులు కడుక్కునే సింకు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి. ఫ్యాను రెక్కల మీద ఎర్ర పెయింటుతో ఒక రైస్ మిల్లు సేటు తండ్రిగారి పేరు రాయించారు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు కదా, అందుకని ఆ సేటు వచ్చినప్పుడల్లా ఫ్యాన్లు ఆపేసేవారు. మిర్యాలగూడ ఎండల్లో జ్వరంతో పడుకున్నవాళ్లు చెమటలు కక్కుతూ ఆ పేరు చదువుకునేవాళ్లు. చదువు రానివాళ్లు ఊరికే చెమటలు కక్కేవాళ్లు. మా అమ్మది ఆ రెండో జాబితా.

అమ్మ ఉప్పుడు బియ్యం మిల్లులో కూలికి పోయేది. ఉడికిన వడ్లను సిమెంటు కళ్లం మీద ఆరబోసి, ఎండలో కాళ్లతో తిప్పుకుంటూ నడవడం ఆమె పని. ఆ ఊక, ఆ దుమ్ము ఏళ్ల తరబడి మింగిన ఛాతీ ఇప్పుడు నాలుగడుగులు వేస్తే చాలు పిల్లనగ్రోవిలా కూస్తుంది. నేను ఇక్కడే బడిలో టీచర్ని. అమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ దవాఖాన గోడలన్నీ నాకు కంఠతా వచ్చాయి.

నా చిన్నప్పుడు అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. ఒక మిల్లులో మెషీను బెల్టుకు చెయ్యి చిక్కిన మనిషిని లారీలో వేసుకుని సూర్యాపేట దారి పట్టారు. సగం దారిలోనే ప్రాణం పోయింది. ఆ శవాన్ని మిల్లు గేటు ముందు పెట్టుకుని కూలీలు కూర్చుంటే, సేట్లు దిగొచ్చారు. జాగా, ఇటుకలు, సిమెంటు మేమిస్తాం, పని మీరు చేసుకోండి అన్నారు. మిల్లులకు సెలవు అమావాస్య నాడే. ముహూర్తం మాత్రం సేట్లు మంచి దశమి చూసి పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, తలా ఒక ఇటుక పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోయారు. మిగతా ఇటుకలన్నీ అమావాస్యల నాడు మా అమ్మలాంటివాళ్లు మోశారు. అమావాస్య నాడు గడప దాటి కొత్త పని ముట్టుకోని పెద్దమనుషులకు, మా వాళ్లతో పని చేయించుకోవడానికి మాత్రం ఆ తిథి అడ్డం రాలేదు.

నేను ఇసుక కుప్ప మీద కూర్చుని చూస్తుండేదాన్ని. పాత చీరపేలికను చుట్టగా చేసి తలమీద పెట్టుకుని, దాని మీద ఇటుకలు పేర్చుకుని అమ్మ చకచకా నడిచేది. గది పూర్తయిన రోజు గోడ మీద అరచెయ్యి ఆనించి, “ఇది మనది బిడ్డా” అంది. ఒక్కటే గది. నాలుగు మంచాలు. సాయంత్రం పూట ఒక డాక్టరు వచ్చేవాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అప్పట్లో అది నిజంగా దవాఖానే. పెళ్లయ్యాక నా కాన్పు కూడా ఆ గదిలోనే జరిగింది.

తర్వాత దవాఖాన పెరిగింది. కమిటీ వచ్చింది, కమిటీకి ప్రెసిడెంటు వచ్చాడు, ఆయన వెంట దాతలు వచ్చారు. మొట్టమొదట ఆర్చి కట్టారు. అది ఎంత అందంగా కట్టారంటే దాని కింద అంబులెన్సు పట్టదు. పేషెంటును రోడ్డు మీదే దించి స్ట్రెచర్ మీద తోసుకు రావాలి. ఒకరు అంతస్తు వేయిస్తే, వాళ్ల బావమరిదికి పౌరుషం వచ్చి దాని మీద ఇంకో అంతస్తు వేయించాడు. కింది భాగం అందరికీ కనబడేది కాబట్టి అక్కడ మంచాలు బాగుండవని వార్డును రెండో అంతస్తుకు ఎక్కించారు. మా అమ్మ ఇటుకలు మోసిన గదికి టైల్సు, ఏసీ, సోఫాలు పెట్టి ‘దాతల హాలు’ అని పేరు పెట్టారు. జబ్బు కాస్త గట్టిదైతే సూర్యాపేటకు రాసిచ్చి పంపిస్తారు. తుమ్మచెట్ల కాలంలోనూ సూర్యాపేటకే పోయేవాళ్లం.

లిఫ్టు కోసం గుంత తవ్వి, గోడలు లేపారు. లిఫ్టు మాత్రం రాలేదు. ఇద్దరు దాతలు వచ్చి చూసి, మా పేరు ఎక్కడ రాస్తారని అడిగారు. తలుపుల మీద అన్నారు కమిటీవాళ్లు. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా మా నాయన పేరు నడిమికి చీలిపోతే ఇంటికి అరిష్టమని ఒకాయన జారుకున్నాడు. పోనీ లోపల రాస్తామంటే, లోపల రాస్తే బయట ఎవరికి కనబడుతుందని రెండో ఆయన అలిగాడు. అట్లా లిఫ్టు ఆగిపోయింది. ఆ సందులో చీపుర్లు, విరిగిన వీల్‌చెయిర్లు దాచుకుంటున్నారు.

మొన్న వడ్ల సీజన్లో ఒక పొద్దున అమ్మకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడుతుంటే ఆటోలో తీసుకొచ్చాను. కోదాడ నుంచి వచ్చిన నర్సమ్మ పైనుంచి తొంగిచూసి, “పైకి తీసుకురావాలండీ, ఆక్సిజన్ ఇక్కడే ఉంది” అంది. అమ్మ నా భుజం పట్టుకుని మొదటి మలుపు దాకా ఎక్కి కూలబడింది. ఆమె ప్రాణం ఆ మెట్ల మీదే పోతుందనుకున్నాను.

ఆ రోజు ప్రెసిడెంటు పుట్టినరోజు. పేషెంట్లకు పండ్లు పంచాలి. ఆయనకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేడు. అందుకని పేషెంట్లనే కిందికి దింపుతున్నారు. సెలైన్ సీసాలు చేత్తో ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరే మమ్మల్ని దాటుకుంటూ దిగుతుంటే, అమ్మ వాళ్ల వంక చూసింది, కింద తలుపులు తెరిచి ఉన్న హాలు వంక చూసింది.

“నన్ను కిందికి దించు బిడ్డా” అంది.

దించాను. నేరుగా హాల్లోకి నడిచి, మెత్తటి సోఫా మీద పడుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

“పెద్దమ్మా, గా సోఫా దాతలు కూసునేది. జర లెవ్వు!”

“గీ గోడలకు ఇటుకలు మోసిన,” అంది అమ్మ, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ. “నేను గూడ ఇచ్చినదాన్నే. గాలి డబ్బా గీడికే తెప్పియ్యి.”

వాడు నా వంక చూశాడు. నేను కదల్లేదు. ఈలోగా నర్సమ్మే ఇద్దరు మనుషుల్ని పెట్టి సిలిండరు మోయించుకొచ్చి మాస్కు తగిలించింది. అమ్మ ఛాతీ కొంచెం కొంచెంగా నెమ్మదించింది.

అప్పుడే దండలతో ప్రెసిడెంటు వచ్చాడు. సోఫాలో అమ్మను చూసి మొదట కనుబొమలు ముడిచి, కెమెరా చూడగానే దయామయుడైపోయాడు. అమ్మ చేతులు లేవకపోతే ఆపిల్ పండును ఆమె ఛాతీ మీద పెట్టాడు. ఊపిరికి ఆ పండు లేచి పడుతోంది.

“అమ్మా, మాస్కు జర పక్కకు జరుపుండ్రి, మొకం వడ్తలేదు” అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆ పండుతోనే వాడి నెత్తి పగలగొట్టేదాన్ని, నాకంటే ముందు నర్సమ్మే గొంతెత్తింది.

“మాస్కు మీద చెయ్యేస్తే మర్యాదగా ఉండదు చెప్తున్నా! ఆవిడ ఊపిరాడక చస్తుంటే మీకు ఫొటో కావాలా?”

ఆపిల్ పండు దొర్లి టైల్సు మీద పడింది. ప్రెసిడెంటు నవ్వు ముఖాన అట్లాగే అతికించుకుని పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి అమ్మ లేచి కూర్చుని టీ అడిగింది.

మరుసటి వారం డాక్టరుకు చూపించడానికి మళ్లీ వెళ్లాం. హాలుకు తాళం వేసి ఉంది. తలుపు మీద కొత్త బోర్డు నిగనిగలాడుతోంది: ‘పేషెంట్లు లోపలికి రాకూడదు.’ దాని కింద, అంతకంటే పెద్ద అక్షరాలతో, ఆ బోర్డు ఇచ్చిన దాత పేరు. లిఫ్టుకు ఇన్నేళ్లుగా దొరకని దాత బోర్డుకు వారంలో దొరికాడు.

“ఏం రాసిండ్రు బిడ్డా?” అని అడిగింది అమ్మ.

చదివి వినిపించాను.

“ఎవలను రావద్దంటున్నరు? మననా?”

“మననే అమ్మా.”

అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఆయాసం తీర్చుకుంది.

“మరి ఇటుకలు మోయుండ్రి అన్ననాడే పెట్టాలె గద గీ బోర్డు,” అంది. “మోయకపోదుము.”

ఆ మాట అని నా భుజం పట్టుకుని, పైనున్న డాక్టరు కోసం మొదటి మెట్టు ఎక్కింది.