ఆర్మూర్‌లో తాళం పడిన మందు

మార్చిలో, మిట్టమధ్యాహ్నం, ఆర్మూర్‌లో బస్సు దిగాను. ఊరి వెనక నల్లరాళ్ల గుట్ట, పక్కనే హైవే, నెత్తిన ఎండ. పసుపు సీజన్. మార్కెట్ యార్డు వైపు నుంచి వీచే గాలిలో దుమ్ము పచ్చగా ఉంది. పీలిస్తే గొంతు మండింది. చేతిలో ట్రంకు, భుజాన కిట్‌బ్యాగు. ఫౌజులో ఏ పోస్టింగుకైనా అంతే సామానుతో వెళ్లాను.

నేను సైన్యంలో వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుని. హవల్దారుగా పెన్షన్ తీసుకుని మా నవీపేట వైపు పల్లెకు వచ్చాను. వరి చేనూ ఇల్లూ తప్ప పని లేదు. అప్పుడు హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ మనిషి కోసం చూస్తున్నదని తెలిసింది. రక్తం తీయడం, సెలైన్ పెట్టడం, రోగిని పట్టుకుని కూర్చోవడం వచ్చినవాడు కావాలి. అవన్నీ నాకు వచ్చు. చేరాను.

పరిశోధన సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. హెచ్‌ఐవీ ముదిరి, ఒంట్లో తట్టుకునే శక్తి బాగా పడిపోయినవాళ్లలో కొందరికి ఒక రకం ఫంగస్ మెదడు పొరలకు పడుతుంది. మొదట తలనొప్పి. తర్వాత వాంతులు, మెడ పట్టేయడం, మతి తప్పడం. వదిలేస్తే చావు. వేలి మీద ఒక్క చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద పరీక్ష చేస్తే, తలనొప్పి మొదలుకాకముందే దాన్ని పట్టుకోవచ్చు. అలా ముందే పట్టుకుని మందిస్తే ఎంతమంది నిలుస్తారన్నది తేల్చాలి. మా పని అదే.

మా సైటు, అంటే ఆ పరిశోధన జరిగే చోటు, ఒక పాత రెండంతస్తుల బిల్డింగు. కింద పరీక్ష గది, ల్యాబు. పైన నాలుగు మంచాల వార్డు. వార్డు పక్క గదిలో మందుల ఫ్రిజ్. దానికి తాళం. తాళంచెవి నా నడుముకి. ఫ్రిజ్ చల్లదనం పొద్దునా సాయంత్రం చూసి హైదరాబాద్‌కు చెప్పాలి. కరెంటు పోతే ముందు జనరేటరు, తర్వాతే మిగతావి. ఆ సీసాల్లో ఉన్నది ఆ ఫంగస్‌ను చంపే మందు. రోజూ నరంలోకి ఎక్కించాలి. బయట దొరకడం కష్టం.

మా కమాండర్ డాక్టరమ్మ. వరంగల్ మనిషి, నలభై దాటాయి. మాట తక్కువ, చెయ్యి నిదానం. మొదటి రోజు నన్ను ఒకటే అడిగింది.

"ఈ బీమారి ఉన్నవాళ్లను ముట్టుకోవడానికి మీకేమన్నా ఇబ్బందా?"

"లేదు మేడమ్."

"మీ ఇంట్లోవాళ్లకు?"

"వాళ్లకు చెప్పలే మేడమ్."

ఆమె తలూపింది. ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పని పనిలో చేరానని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ వేసవిలోనే గంగామణి వచ్చింది. యార్డులో పసుపు కొమ్ములనూ గుండ్రటి మండలనూ వేరుచేసే కూలి. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. తల రెండు చేతులతో పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. పట్టీ పరీక్షలో ఫంగస్ కనిపించింది. వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలని డాక్టరమ్మ చెప్పగానే లేచి నిలబడింది.

"వెన్నుల సూది పెడితె కాళ్లు పడిపోతయంట గద సారూ. నేను ఎట్ల బతకాలె?"

"మందు పెట్టుడు కాదక్కా, నీళ్లు తీసుడు. తల్కాయల నీళ్ల జోరు ఎక్కువైంది. గవి తీస్తె నొప్పి దిగుతది."

"నీకు తీసిండ్రా ఎప్పుడన్న?"

"లేదు."

"మరి నీకెట్ల తెలుసు?"

ఆమె నా మొహం చూసి, ఎందుకో గానీ, వచ్చి మంచమెక్కింది. పక్కకు పడుకోబెట్టి మోకాళ్లు గుండెకు ఆనించి పట్టుకున్నాను. డాక్టరమ్మ సూది దించింది. గొట్టంలో నీళ్లు సర్రున పైకెక్కాయి. కాసేపటికి గంగామణి ఒళ్లు వదులైంది.

"సల్లగయింది సారూ," అంది. "తల్కాయ మీద బండ దించినట్టయింది."

మందు ఎక్కించిన ప్రతిసారీ చలిజ్వరం వచ్చి మంచం కదిలేలా వణికేది. రగ్గులు కప్పి కాళ్లు పట్టుకుని కూర్చునేవాణ్ణి. తిట్టేది. నన్నూ, మందునూ, చచ్చిపోయిన మొగుణ్నీ కలిపి తిట్టేది. కోలుకుంది. హెచ్‌ఐవీ మాత్రలు మొదలయ్యాయి. మళ్లీ యార్డుకు పోయింది.

ఆ తర్వాత మాకు మనుషులను తెచ్చింది గంగామణే. మేం పెట్టిన పోస్టర్లు చూసి ఒక్కరూ రాలేదు. ఆమె ఎవరితోనూ రోగం పేరెత్తేది కాదు. "జర తల్కాయ సూపెట్టుకుందాం దా" అని చెయ్యి పట్టుకుని తెచ్చేది. కమ్మర్‌పల్లి నుంచి, దొంకేశ్వర్ నుంచి తెచ్చింది. కొందరు బతికారు. కొందరు ఆలస్యంగా వచ్చి మా చేతుల్లోనే పోయారు. వాళ్ల శవాలను ఇంటికి తీసుకెళ్లడానికి ఆటోలు దొరికేవి కావు.

రెండో ఏడు వానాకాలంలో హైదరాబాద్ నుంచి ఆర్డరొచ్చింది. కావలసినంతమంది రోగులు చేరారు. ఇక కొత్తవాళ్లను చేర్చుకోవద్దు. ఉన్నవాళ్లను చివరిదాకా చూడండి. మిగిలిన మందు ముట్టుకోవద్దు, మనిషిని పంపి తెప్పించుకుంటాం. తెప్పించుకుని ఏం చేస్తారని అడిగాను. నాశనం చేస్తారని డాక్టరమ్మ చెప్పింది. రూలు.

ఆ రూలుకు కారణం లేకపోలేదు. మందు లెక్క తప్పితే పరిశోధన మీద నమ్మకం పోతుంది. నేను ఫౌజువాణ్ణి, లెక్క తెలుసు.

ఆర్డరొచ్చిన వారంలోనే గంగామణి ఒక మనిషిని ఆటోలో వేసుకొచ్చింది. పేరు సాయిలు. ముప్పై దాటలేదు. యార్డులో హమాలీ. వాంతులతో బనీను తడిసిపోయింది. వెలుతురు చూడలేక కళ్లు మూసుకున్నాడు.

"బస్తాల ఎన్క కూసోని తల్కాయ గోడకు కొట్టుకుంటున్నడు సారూ," అంది గంగామణి. "నాకు గిట్లనే అయింది గద. గందుకే తోల్కొచ్చిన."

వేలు గుచ్చాను. మొదట హెచ్‌ఐవీ పరీక్ష. రెండు గీతలు, అంటే ఉన్నట్టే. తర్వాత ఫంగస్ పట్టీ. అక్కడా రెండు గీతలే. సాయిలుకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. అతను కళ్లు తెరవకుండానే విన్నాడు.

"గల్ఫ్‌ల ఉన్నప్పుడు రక్తం తీసిండ్రు సార్," అన్నాడు. "మూడు దినాలకు పాస్‌పోర్టు చేతుల పెట్టి విమానం ఎక్కిచ్చిండ్రు. ఎందుకని అడిగితె ఎవ్వడు చెప్పలే. కంపెనీల పని లేదనుకున్న. గప్పుడు చెప్తె మందులేసుకుందును గద సార్?"

వేసుకునేవాడే. అక్కడ వాళ్లకు తెలుసు. పరీక్ష చేశారు, ఫలితం చూశారు, మనిషిని వెనక్కి పంపారు. ఆ ఒక్క మాట మాత్రం పంపలేదు. రెండేళ్లు ఆ రోగంతోనే బస్తాలు మోశాడు.

డాక్టరమ్మ హైదరాబాద్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఎన్‌రోల్‌మెంట్ క్లోజ్ అయింది. స్టడీ మందు స్టడీ పేషెంటుకే. మీకు తెలుసు కదా."

"తెలుసు. పేషెంటు నా ముందు పడుకుని ఉన్నాడు."

"రెఫర్ చేయండి."

"ఎక్కడికి? నిజామాబాద్‌లో ఈ మందు ఏ షాపులో ఉందో చెప్పండి, పంపిస్తా."

"అది మా పరిధిలో లేదు మేడమ్."

ఫోన్ పెట్టేసింది. నా వైపు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇవ్వండి హవల్దార్‌గారూ. మీ మీదికి రాకూడదు."

"నేనే తీస్త మేడమ్," అన్నాను. తాళం తీశాను. వచ్చేది ఏదైనా ఇద్దరి మీదికీ వస్తుందనుకున్నాను.

వెన్నునీళ్లు తీశాం. గొట్టం చివరిదాకా ఎక్కాయి. మందు ఎక్కించాం. మూడో రోజుకు సాయిలు కళ్లు తెరిచి గంజి తాగాడు. కిటికీలోంచి గుట్ట చూసి, వాన పడుతున్నట్టుందే అన్నాడు. ఆ రోజు డాక్టరమ్మ మొదటిసారి నాతో కూర్చుని చాయ్ తాగింది. ఇంకో పది రోజులు మందు పడితే చాలు, నిలబడతాడు అంది.

మర్నాడు పొద్దున తెల్ల కారు వచ్చింది. హైదరాబాద్ ఆఫీసు మానిటర్. సైట్లు తనిఖీ చేయడం ఆయన పని. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు. వెంట ఐస్ ప్యాకులు వేసిన డబ్బా. ఫ్రిజ్ తెరిచి సీసాలు లెక్కపెట్టాడు. తగ్గాయి. డాక్టరమ్మ దాచలేదు. గోడ అవతలి మంచం చూపించింది.

"సార్, ఒక్క పది దినాలు ఆగుండ్రి," అన్నాను నేను.

"నా చేతుల్లో లేదండీ."

"ఎవరి చేతుల ఉంది?"

"కమిటీ నిర్ణయించాలి."

"కమిటీకి ఫోన్ కలుపుండ్రి. నేను మాట్లాడుత."

"వాళ్లు వచ్చే నెల కూర్చుంటారు."

సీసాలను ఒక్కొక్కటిగా డబ్బాలో పేర్చాడు. గట్టిగా మాట్లాడలేదు, మమ్మల్ని బెదిరించలేదు. మూత వేసి, చాయ్ తాగి, మామూలుగా అడిగాడు. "ఆర్మూర్ పసుపు బాగుంటుందంటారు కదా. ఇంటికి పట్టుకెళ్దామని. మంచిది ఎక్కడ దొరుకుతుంది?"

గుమ్మంలో గంగామణి నిలబడి ఉంది. సాయిలుకు అన్నం తెచ్చింది.

"మా యార్డుల దొరుకుతది సారూ," అంది. "నువ్వు గా డబ్బా జర ఈడ ఉంచు. నేను ఎంత గావాల్నో గంత పసుపు మోస్కొచ్చి నీ కార్ల ఏస్త."

అతను తల దించుకున్నాడు. డబ్బా మాత్రం కారెక్కింది.

ఫౌజులో ఉన్నప్పుడు ఒకసారి మంచుకొండల ఎత్తు మీది పోస్టులో మా సిపాయి ఒకడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉక్కిరిబిక్కిరయ్యాడు. హెలికాప్టర్ కోసం కాచుకుని కూర్చున్నాం. మంచు తుఫాను. రేడియోలో ఒకటే మాట, వాతావరణం బాగాలేదు, ఆగండి. అతను పోయాడు. ఏడ్చాను గానీ ఎవరి మీదా కోపం రాలేదు. అక్కడ ఆపింది మంచు. ఇక్కడ ఆకాశం తేటగా ఉంది, రోడ్డు బాగుంది, మందు నా చేతికి అందేంత దూరంలో ఉండింది.

మందు కొనడానికి యార్డు హమాలీలు తలా ఇంత డబ్బు వేసుకున్నారు. ఆ సాయంత్రమే నేను హైదరాబాద్ బస్సెక్కాను. మందుల హోల్‌సేల్ బజారులో దుకాణం దుకాణం తిరిగాను. లేదు, లేదు, తెప్పించాలి. తెప్పించేదాకా ఒక దుకాణం ముందు మెట్ల మీదే ఉన్నాను. ఆర్మూర్‌లో డాక్టరమ్మ రోజూ వెన్నునీళ్లు తీస్తూనే ఉంది. ఫోన్లో ఆమె గొంతు రోజురోజుకీ చిన్నదవుతోంది. "ప్రెషర్ దిగుతలేదు హవల్దార్‌గారూ. ఎంత తీసినా మళ్లీ ఎక్కుతోంది. ఎంతసేపట్లో బయలుదేరుతారు?" చివరికి మందు దొరికింది. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను.

సాయిలు బతికాడు. చూపు పోయింది. మెదడులో నీళ్ల ఒత్తిడికి కంటి నరాలు చచ్చిపోయాయి. ఆ మధ్యలో మందు ఆగకుండా ఉంటే చూపు మిగిలేదా అని డాక్టరమ్మను అడిగాను. "మిగిలేదేమో" అంది. "కచ్చితంగా చెప్పలేను" అని కూడా అంది. ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

నెల తిరక్కుండా ఆమెను తీసేశారు. క్రమశిక్షణ అన్నారు. నన్ను మాత్రం సైటు మూసేదాకా ఉంచారు, మంచాలు మోయడానికి మనిషి కావాలి కదా. సాయిలు కేసును నియమ ఉల్లంఘన కింద వేసుకున్నారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హాల్లో ఫలితాల సభ పెట్టి నన్నూ పిలిచారు. తెర మీద గీత పైకి పోతోంది. ముందే పరీక్ష చేసి మందిస్తే మనుషులు బతుకుతారని తేలింది. అది నిజం. నా కళ్లతో చూశాను. చప్పట్లు కొట్టారు. సాయిలు ఆ గీతలో లేడు. చేర్చుకోలేదు కాబట్టి వాళ్ల లెక్కలో అతనికి రోగమూ రాలేదు, చూపూ పోలేదు. చాయ్ బిస్కెట్లకు లేచేటప్పుడు ఒకాయన నా భుజం తట్టి "ఫీల్డ్‌లో మీలాంటివాళ్లే మాకు బలం" అన్నాడు. నేను బయటికి నడిచాను.

మా ఊరికి వచ్చేసే ముందు ఆర్మూర్ యార్డుకు వెళ్లాను. గంగామణి పని ఆపలేదు. చేతులు కొమ్ములు ఏరుతూనే ఉన్నాయి.

"ఇగ తల్కాయ నొస్తె యాడికి తోల్కపోవాలె సారూ?" అని అడిగింది.

నిజామాబాద్ పేరు చెప్పాను. అక్కడికి పోవడానికి రోజు కూలి పోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు మా ఊళ్లో ఉన్నాను. వరి వేశాను. అరుగు మీద కూర్చుంటే పిల్లలూ పెద్దలూ బార్డర్ ముచ్చట్లు అడుగుతారు. మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతారు. చెప్తాను. ఆర్మూర్‌లో ఏం చేశావని ఎవరూ అడగరు. ఒకరిద్దరితో మొదలుపెట్టాను. రోగం పేరు వినగానే కుర్చీ జరుపుకున్నారు.

మంచు పోస్టు నాకిప్పుడు కలలోకి రాదు. వచ్చేది ఒక పొద్దు. హైదరాబాద్ నుంచి బస్సు దిగి, మందు డబ్బాతో వార్డు మెట్లెక్కాను. వాన వెలిసింది. తూర్పు కిటికీ బార్లా తెరిచి ఉంది. ఎండ మంచం నిండా పడింది. సాయిలు లేచి కూర్చుని ఉన్నాడు. కళ్లు పెద్దగా తెరిచాడు. ఎండ నేరుగా ఆ కళ్లలో పడుతోంది. రెప్ప కొట్టడం లేదు. పక్కన డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. నా అడుగుల చప్పుడు విని సాయిలు మొహం ఇటు తిప్పాడు. నేను నిలబడ్డ చోటికి కాదు, కాస్త పక్కకు.

"సార్ వచ్చినవా?" అన్నాడు. "మొకం మీద ఎండ తగుల్తున్నట్టే ఉన్నది గని, ఇంక తెల్లారలేదా సార్?"