పట్టకారు బోణీ

మా పెరటి గోడకు ఆనుకుని ఒక సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, ఒక్క మనిషి. ఆ మనిషిని వీధిలో అందరూ పట్టకారు అంటారు. మొహం మీదే అన్నా పలుకుతాడు. చేత్తో ఏదైనా గట్టిగా పట్టుకుంటే వెంటనే వదలలేడు, అందుకే ఆ పేరు. తల వంచమని నెత్తి మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి కాసేపు అక్కడే కాపురం ఉండేది.

వింతేమిటంటే ఈ తిప్పలన్నీ పొద్దున వచ్చిన మొదటి మనిషికే. ఆ తరువాతి వాళ్ల దగ్గర వేళ్లు చక్కగా ఆడేవి. అందుకని మా వీధి మగవాళ్లు సెలూన్ గుమ్మంలో నిలబడి, పెద్దవారు మీరు కూర్చోండంటే మీరే కూర్చోండని ఒకరినొకరు లోపలికి తోసుకునేవారు. అంత మర్యాద వాళ్ల ఇళ్లల్లో ఎవరూ చూసి ఎరుగరు.

ఈ గుట్టు తెలియక ఒకరోజు ఆ గది ఓనరు గారే బోణీకి కూర్చున్నారు. పై పెదవి గీయాలంటే ముక్కు కొస పట్టుకుని పైకెత్తాలి కదా. పట్టకారు ఎత్తాడు, గీశాడు. ఆ తరువాత ఈ చేతిలోంచి ముక్కూ రాలేదు, ఆ చేతిలోంచి కత్తీ రాలేదు. ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ముక్కు విడిపించుకున్నాక ఓనరు గారు చెప్పిన మొదటి మాట, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని. షాపులో పాడైన కొళాయి తను బాగు చేయించలేదన్న కోపంతో కావాలనే పట్టుకున్నాడని ఆయన అనుమానం.

పట్టకారు తన పెళ్లికి ముందు నుంచీ నడుపుతున్న షాపు అది. అది పోతే, కొత్త వీధిలో ఈ చేతికి మెడ అప్పగించేదెవరు?

నా చదువు ఐదో తరగతితో ఆగింది కానీ, ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే నాకు అన్నం సహించదు. మోకాలి నొప్పి, తోడు రమ్మని చెప్పి అతన్ని డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. లోపలికి వెళ్లాక నా మోకాలి ఊసెత్తకుండా అతని చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టాను.

ఆవిడ పిడికిలి బిగించి తెరవమంది. బిగించడం టక్కున అయింది. తెరవమంటే మాత్రం, బడికి వెళ్లనని మొరాయించే పిల్లల్లా ఒక్కో వేలూ బతిమాలించుకుని లేచింది. బొటనవేలి కింద కండ మీద చిన్న సుత్తితో తట్టింది. ఆ కండ బిగుసుకుపోయి, వేలు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయింది.

నేను వదిలితేగా. అడగ్గా అడగ్గా చెప్పింది. కదలమనే కబురు నరం వెంట వస్తుందట. నరం కొసన ఒక రసం ఊరి కండకు తగలగానే, కండలో సన్నటి కరెంటు పుట్టి అది ముడుచుకుంటుంది. కబురు ఆగితే కండ సడలాలి. ఇతనికి నరం మాట్లాడడం ఆపేసినా, కండ కాసేపు తనంతట తానే కరెంటు పుట్టించుకుంటూ ఉంటుందట.

"బిగియడంలో లోపం లేదండీ, సడలడంలోనే ఆలస్యం. అదే పని పదే పదే చేస్తే కండ దారికొస్తుంది," అంది.

పుట్టుకతో వచ్చినదే అయినా, పరీక్షలు చేయించుకోమని రాసిచ్చింది. అతను జుట్టు లేని చోట కూడా గాలిలో కత్తెర టకటకలాడించడం స్టైలనుకునేదాన్ని. చెయ్యి బిగుసుకోకుండా కాపాడుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి కోడలికి చెప్పాను: "వస్తానని లేచి కూడా గేటు దగ్గర ఇంకో గంట మాట్లాడే మనిషి లాంటిదే ఆ కండ."

"ఆ మనిషి నాకు బాగా తెలుసు అత్తయ్యా," అంది కోడలు.

ఓనరు గారికి కూడా నేనే వెళ్లి చెప్పాను. మొత్తం వినే దాకా కదలనివ్వలేదు. చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. రేపు మళ్లీ బోణీకి కూర్చుంటారు. ముక్కు పట్టిన చెయ్యి వెంటనే వదిలితే షాపు ఉంటుంది, లేకపోతే లేదు.

మర్నాడు తెల్లారగానే పట్టకారును పెరట్లోకి పిలిచాను. ఉతకాల్సిన బట్టలేమీ లేవు. బీరువాలో మడత పెట్టిన దుప్పట్లు తీసి బకెట్లో ముంచి, పిండమన్నాను. మొదటి దుప్పటి అతన్ని వదల్లేదు, అతనూ దాన్ని వదల్లేదు. ఆఖరి దాని దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఇట్టే తెరుచుకున్నాయి.

"ఈ చెయ్యి ఆపకు నాయనా. మూస్తూ తెరుస్తూ వెళ్లు," అన్నాను.

"దారిలో ఎవరైనా చూస్తే రమ్మని పిలుస్తున్నాననుకుంటారు పెద్దమ్మా."

"వస్తే రానీ, గిరాకీయేగా."

నేనూ వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఓనరు గారు కళ్లు గట్టిగా మూసుకుని, నోటితో ఊపిరి పీలుస్తున్నారు. పట్టకారు ముక్కు పట్టాడు, ఎత్తాడు, గీశాడు, వదిలాడు. కత్తి కూడా బల్ల మీద పెట్టేశాడు. ఓనరు గారు మాత్రం కళ్లు తెరవలేదు, నోరు మూయలేదు. రెండు చేతులతో కుర్చీని బిగించి పట్టుకుని అలాగే ఉన్నారు.

పట్టకారు ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా విప్పుతూ అన్నాడు: "నేను వదిలేశానండీ. ఇక తమరు కూడా వదలాలి."

షాపు అక్కడే ఉంది. కొళాయి కూడా బాగైంది. ఓనరు గారు మాత్రం ఇప్పటికీ గుమ్మంలో నిలబడి, ముందు మీరు కూర్చోండని మా ఆయన్ని లోపలికి తోస్తుంటారు.