రిమోట్ ఎవని చేతిలో

మా పెదనాయన పోయిన నెల చనిపోయాడు. నల్లమాడలో టీవీలు బాగుచేసే తన దుకాణంలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఆయన బతికుంటే ఆ మాట ఒప్పుకునేవాడు కాదు, ఎవరు ఏం మందు పెట్టారో కనుక్కోమనేవాడు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే మా నాయన ఒక రాజకీయ నాయకుణ్ణి నరికి చంపిన కేసులో జైలుకు పోయాడు. అమ్మ అప్పటికే లేదు. పెంచింది పెదనాయనే. హంతకుని కూతురని బడిలో ఎవరూ నా పక్కన కూర్చోకపోతే ఏడుస్తూ దుకాణానికి పోయాను. విప్పిన టీవీ ముందు నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"మనిషి బుర్ర గూడా ఇట్లాంటిదే పాపా. రిమోట్ ఎవని చేతిలో ఉంటే వాడు పెట్టిందే ఆడతాది. మీ నాయనకు యాడనో కాఫీలో మందు కలిపి తాపినారు. చేసింది చేతులే, మీ నాయన కాదు."

ఆ మాట పట్టుకునే మళ్లీ బడికి పోగలిగాను. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

ఫోన్లలో వీడియోలు వచ్చాక ఆయనకు పండగే. ఏ దేశంలో ఏ నాయకుణ్ణి ఎవరు చంపినా, ఆ వీడియో ఆపి చంపినవాడి ముఖం పెద్దది చేసి చూపించేవాడు. "చూడు, ఆ కండ్లల్లో మనిషి లేడు" అనేవాడు. రిపేరుకొచ్చిన టీవీలు మాత్రం నెలల తరబడి మూలన పడుండేవి. బయట ఎవరిచ్చినా ఏమీ తాగొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అనంతపురంలో చదివేటప్పుడు స్నేహితురాళ్లు టీ కొనిస్తే, ఇప్పుడే తాగొచ్చానని అబద్ధం చెప్పేదాన్ని. ఒళ్లు మండేది, అయినా తాగలేకపోయేదాన్ని.

నాయన విడుదలై వచ్చాక అసలు చిక్కు మొదలైంది. చనిపోయిన నాయకుని భార్య పక్క ఊళ్లోనే ఉంటుంది. ఆమె కాళ్లు పట్టుకుని తప్పు ఒప్పుకుని రావాలని నాయన కోరిక. దానికోసమే బతికొచ్చానన్నాడు. పెదనాయన వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ పొద్దు ఎవరిచ్చింది తాగినావో గుర్తు చేసుకోప్పా."

"ఏం తాగలేదన్నా. నేనే పోయినా, నేనే నరికినా. నా బుద్ధితోనే చేసినా."

పెదనాయన నా వైపు తిరిగాడు. "వింటివా పాపా? ఇట్లా చెప్పమని గూడా వాళ్లే నేర్పించినారు."

నాయన ఎన్నిసార్లు బయల్దేరినా ఇదే తంతు. తమ్ముడు నిజం చెప్పేకొద్దీ మందు అంత గట్టిది పెట్టారని ఆయన బాధపడేవాడు. అన్నను తోసుకుని పోయే మనిషి కాదు నాయన. ఆ ప్రేమలో మా ఇద్దరికీ ఊపిరాడేది కాదు.

కర్మ ముగిసిన మర్నాడు నాయన తెల్లపంచె కట్టుకుని బయల్దేరాడు. వాకిట్లో అడ్డంగా ఎవరూ లేరు. అయినా గడప దగ్గర ఆగి నన్ను చూశాడు.

"నేనే చేసినానని నువ్వన్నా నమ్ముతావా పాపా?"

నమ్ముతానంటే చాలు, ఆయన పోతాడు. నిజానికి ఎప్పుడో నమ్మాను. నోరు తెరిస్తే, 'చేసింది చేతులే' అన్న పెదనాయన మాటే నాలుక మీదికొచ్చింది. నాయన ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని, అట్లాగే నిలబడ్డాడు.