వంకర జడ సాక్ష్యం

మైకు ముందు నోరు జారినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కానీ దేవుని మందిరంలో, ఎవరికీ వినపడదనుకుని, వినపడినా అర్థం కాదనుకుని, కట్టుకున్న భార్యకూ కన్న కూతురికీ అబద్ధం నేర్పుతూ పట్టుబడ్డ మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. విరుదునగర్‌లో నా పరువు గంగలో కలిసిన వైనం చెబుతాను, వినండి. నవ్వడానికి నా అనుమతి అక్కర్లేదు. ఆ రోజు కూడా ఎవరూ అడగలేదు.

మాది తమిళనాడులోని కోవిల్‌పట్టి. కడలమిట్టాయి, అంటే మీ పల్లీపట్టీ, తయారుచేసే కొట్టు నాది. మా తాత నాగలాపురం దగ్గర నల్లరేగడిలో సేద్యం చేసుకుంటూ ఏసుప్రభువును నమ్ముకున్నాడు. దేవుడు మారినా ఇంటి భాష మారలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గుడిలో, అంటే మా చర్చిలో, ఇస్త్రీ చేసిన తమిళం. తెలుగు మాకు ఇంకో పనికీ వచ్చేది. బయటివాళ్ల ముందు రహస్యాలు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి భాష లేదు. "కాపీ తాగి పోతాడా, కూటికి ఉంటాడా?" అని వచ్చినవాడి ఎదుటే నా భార్య స్టెల్లా నవ్వుతూ అడిగేది. "పోడు, బియ్యం పెట్టు" అని నేనూ నవ్వుతూ చెప్పేవాణ్ణి. పాపం అతనూ నవ్వేవాడు. ఎంత సుఖమో!

ఇక నా సంగతి. దేవుడు నన్ను బెల్లం పాకం తిప్పడానికి పుట్టించలేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. వేలమంది ముందు ప్రసంగాలు చేయడానికే నా గొంతును తీర్చిదిద్దాడని ఇంకా గట్టి నమ్మకం. "ప్రభువా, పెద్ద ఊళియం ఇవ్వు" అని రోజూ వేడుకునేవాణ్ణి. ఊళియం అంటే దేవుని సేవ. చిన్నది ఇస్తే తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

అడిగినట్టే విరుదునగర్ నుంచి ఒక గుడివాళ్లు కుటుంబ పండుగకు పిలిచారు. భార్యాబిడ్డలతో వేదికెక్కి, తండ్రి బాధ్యత గురించి సాక్ష్యం చెప్పాలి. బాగా చెబితే చుట్టుపక్కల గుళ్లవాళ్లూ పిలుస్తారన్నారు. ఇంకేం! తండ్రి బాధ్యత మీద ఎంత శ్రద్ధగా తయారయ్యానంటే, ఆ వారమంతా తండ్రి ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోయేది. కొట్లో పాకం తిప్పుతూ ప్రసంగం వల్లించాను. పల్లీలు ఓపిగ్గా విన్నాయి. పాకమే మాడింది.

స్టెల్లా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పొద్దున్నే బస్సెక్కుతుంది కాబట్టి, రెండో తరగతి చదివే మా బ్లెస్సీకి జడలు వేసే పని నాది. పాకం పట్టే చేతులకు జడ ఎక్కడ కుదురుతుంది? ఒకటి ఆకాశం చూస్తే ఇంకొకటి భూమి చూసేది. పండుగ రోజు వాళ్లమ్మ ఇంట్లోనే ఉన్నా ఆ పిల్ల నా ముందే వచ్చి కూర్చుంది.

"నైనా, ఆడ ఏమి చెప్తావు?"

"నైనా ఎంత మంచి నైనానో చెప్తా. కదలొద్దు."

"ఎవురి నైనా?"

ఆ ప్రశ్నలోని హెచ్చరిక నాకు వినపడలేదు. తొందరలో ఉన్నాను.

విరుదునగర్‌లో గుడి కిటకిటలాడుతోంది. వేదిక మీద నా కాలరుకు బొత్తామంత మైకు తగిలించారు. అంత చిన్నదాన్ని నేనెప్పుడూ చూడలేదు. నా వంతు వచ్చేదాకా అది పనిచేయదని నాకు నేనే తీర్మానించుకున్నాను. పాస్టరు అయ్యగారు అందర్నీ కాసేపు మౌనంగా ప్రార్థించమన్నారు. జనమంతా కళ్లు మూసుకున్నారు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించి స్టెల్లా వైపు వంగాను.

"ఇదో, అయ్యగారు అడిగితే దినమూ సాయంత్రం అందరం కూడి జెపం చేస్తామని చెప్పు."

"మీరు సాయంత్రం ఇంట్లో ఉంటేనా?" అంది స్టెల్లా కళ్లు తెరవకుండానే.

"అదంతా ఈడ యాల? బ్లెస్సీ, నైనా దినమూ నాకు బైబిలు వసనం నేర్పిస్తాడని నువ్వు చెప్పల్ల, సరియా?"

"అది అబద్దం గదా నైనా?"

"చిన్న అబద్దం. సామి కోసరమే."

"సామికి వినపడదా?"

"ఈడ కూసునుండేదంతా తమిళోళ్లు. మన తెలుగు ఒక్కరికీ అర్థం కాదు. బయపడొద్దు!"

స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి కదా, నాకేం తెలుస్తుంది? ముందు వరసలో ఒక ముసలామె భుజాలు కదలడం చూసి, పాపం ఏడుస్తోంది, ఎంత భక్తి అనుకున్నాను. మరుక్షణం సగం గుడి గొల్లుమంది. మిగతా సగం "ఎన్న ఆచ్చు? ఎన్న ఆచ్చు?" అని, ఏమైందో తెలియక, పక్కవాళ్లను కుదిపింది. వాళ్లు తమిళంలో విడమరిచి చెప్పారు. అప్పుడు అందరూ కలిసి మళ్లీ నవ్వారు. నా మొట్టమొదటి ప్రసంగమే రెండు భాషల్లో జరిగింది.

"ఓరి నా బిడ్డా, మాది ఒట్టపిడారం! మేమూ ఇంట్లో ఇదే మాట్లాడేది!" అని ముసలామె కేక పెట్టింది. ఆమె పక్కన కూర్చున్న మగ్గాలవాళ్ల ఆడమనిషి ఉలిక్కిపడి, "అక్కా, మీరూనా? ఇన్నేండ్లూ నాతో తమిళమే మాట్లాడితిరే!" అంది. గుడి నిండా ఇవే పలకరింపులు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "తంబీ, మాది తిరుచ్చులి దిక్కు. నవ్వు రాకుండా ఎంత ఓర్సుకున్నానో ఆ సామికే తెలుసు" అన్నారు. అదీ తెలుగులోనే.

సిగ్గుతో చచ్చిపోయాను. పెద్ద ఊళియం సంగతి సరే, బిడ్డ ముఖం ఎలా చూడాలో తెలియలేదు. అంతలో అయ్యగారు వంగి తన మైకు బ్లెస్సీ ముందు పెట్టి, "నువ్వు చెప్పు పాపా. మీ నైనా నిజంగా ఏమి చేస్తాడు?" అని అడిగారు.

"సాయంత్రం రాడు. వసనం నేర్పించడు," అంది మా పిల్ల, మైకులో, స్పష్టంగా. "తెల్లారితే జడేస్తాడు. వంకరగా ఏస్తాడు. ఏసేటప్పుడు, సామీ, ఈ జడ ఇస్కూలు దాకా నిలవనీ, నా బిడ్డ దినమంతా నవ్వుతుండనీ అంటాడు. దినమూ అంటాడు. అమ్మ బాగా ఏస్తుంది గాని, ఆ మాట అనదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను అలా గొణుగుతానని నాకే తెలియదు. తెలిసినా ప్రార్థన కింద జమ వేసేవాణ్ణి కాదు. తమిళంలో లేదు కదా! అక్కడే, అందరి ముందూ, ఏడ్చేశాను. వల్లించిన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు, అవసరమూ పడలేదు.

"తంబీ, నీ ఊళియం దొరికింది," అన్నారు అయ్యగారు. "క్రిస్మస్‌కు మా ఆదివారం బడి ఆడపిల్లలకంతా జడలు నువ్వే ఎయ్యల్ల."

అప్పట్నుంచి ఏటా వెళుతున్నాను. వేదిక మీద దేవదూతల వేషాల్లో ఉన్న పిల్లల జడలన్నీ తలో దిక్కు చూస్తుంటే వాళ్ల తల్లులు నన్ను చూస్తారు. సాయంత్రాలు కొట్టు పెందలాడే కట్టేస్తున్నాను. దేవుడు నన్ను సరిగ్గా ఈ ఇంటి కోసమే పుట్టించాడని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

కాబట్టి నా మాడిన బాణలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెలుగులో అబద్ధం చెప్పను. తమిళంలో అసలే చెప్పను. తప్పనిసరై చెప్పాల్సి వస్తే హిందీలోనే చెబుతాను. నాకు హిందీ రాదు.