గొడుగు గుడ్డతో కుట్టిన ఈత బట్టలు

పోయినేడు కొన్న ఈత బట్టలు పొట్టివయ్యాయని మా మనవరాలు వాటిని పక్కన పడేసి కొత్తవి తెప్పించుకుంది. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు కింది కొలనులో ఈదడానికి కళ్లద్దాలట, టోపీ అట, ముక్కుకు క్లిప్పు అట. కింద ఇంత గుడ్డ అతికిస్తే ఇంకో ఏడాది వచ్చేవి కదా అని గొణుక్కుంటూ పాతవి మడతపెడుతుంటే, దాని తల్లికి, అంటే మా అమ్మాయికి, ఒకప్పుడు నేను కుట్టిన ఈత బట్టలు గుర్తుకొచ్చి నాకే నవ్వొచ్చింది.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. మా ఆయన ఆ కట్టడాల దగ్గర వాచ్‌మన్. నాలుగో తరగతితో చదువాపిన నేను కొత్తగూడ దగ్గర ఒక బడిలో ఆయాను. మా అమ్మాయి అక్కడే ఐదో తరగతి. పసితనంలో పోలియో వచ్చి దాని ఎడమకాలు సన్నబడిపోయింది. అందరూ ఆడుకుంటుంటే అది మైదానం గట్టున కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసేది. ఆ ఏడు బడి కొలనులో ఈత నేర్పుతామని, నడవలేని పిల్లలనూ చూపులేని పిల్లలనూ కూడా నీళ్లలో దింపుతామని చెప్పినప్పుడు, ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల, తానూ పోతానని అడిగింది.

ఈత బట్టలు కావాలన్నారు. ఇంట్లో చువ్వలు విరిగిన గొడుగు ఉండగా కొనడమెందుకు, ఆ గుడ్డ నీళ్లకు చెడదు కదా అని నా తెలివి. సన్నకాలు ఎవరి కంటా పడకుండా చీలమండల దాకా పైజామాలా కుట్టి, అంచుల్లో బిగుతుగా ఎలాస్టిక్ కూడా వేశాను. తోటి ఆయా చూసి, "ఏందక్కా, బిడ్డను ఈతకు తోలుతున్నవా, వానకు తోలుతున్నవా?" అని పకపకా నవ్వింది. నీ పని చూసుకోమని కసిరాను.

నీళ్లలో దిగీ దిగగానే గుడ్డలో గాలి నిండి, రెండు కాళ్లూ బుడగల్లా పైకి తేలి, పిల్ల తల కిందికి పోయింది. పక్కనే ఉన్న ఈత సారు చటుక్కున ఎత్తి గట్టున కూర్చోబెట్టారు. ఆయన కోస్తా మనిషి. "మోకాళ్ల దాకా కత్తిరించేయండమ్మా, లేకపోతే నేను దింపలేను" అన్నారు.

"కాలు కనవడ్తది సారూ, అందరు చూస్తరు" అన్నాను.

దానికన్నా గట్టున కూర్చోవడమే నయమని, కన్నతల్లినై ఉండి, ఒక్క క్షణం అనుకున్నాను కూడా. పిల్ల దగ్గుతూనే నా వైపు చూసింది. "అందరికి ఎరుకనే అమ్మా. నువ్వే దాస్తున్నవు."

బడి కుట్టుగదిలోంచి కత్తెర నేనే తెచ్చాను. తొందరలో కత్తిరిస్తే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయ్యాయి.

చూపులేని పాప కొలనుకు అడ్డంగా కట్టిన తాడు తడుముకుంటూ, చెవులు వినపడని పాప సారు చేతి సైగ చూసుకుంటూ, ఆ ఇద్దరి మధ్య మా అమ్మాయి నేర్చుకుంది. వేసవి సెలవుల ముందు ఒకరోజు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తానొక్కతే చేరి, వెనక్కి తిరిగి నన్ను వెతికింది. ఆ రోజు అందరి చెప్పులతో పాటు దాని చెప్పులకూ నేనే కాపలా.

ఇప్పటి కొలనులో నీళ్లు అద్దంలా ఉంటాయి గానీ, మా మనవరాలూ దానికి నేర్పే సారూ తప్ప మరొకరు కనపడరు. అప్పటి బడి పిల్లలకు ఒకరి కాలు సంగతి, ఒకరి కంటి సంగతి ఒకరికి తెలుసు. మా మనవరాలికి పక్క ఫ్లాటు పిల్ల పేరే తెలియదు. కొన్ని సాయంత్రాలు మా అమ్మాయి కూడా మోకాళ్ల దాకా బట్టలు వేసుకుని కూతురితో నీళ్లలో దిగుతుంది. ఆ అంచు కిందికి లాగుదామని నా చేయి ఇప్పటికీ ఒకసారి లేస్తుంది. లేచి, దాని చెప్పులు తీసి నా పక్కన పెట్టుకుంటుంది.