లాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆళ్ళగడ్డకు

రెండో శనివారం ఉదయం తొమ్మిదికి నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సెక్కాను. పెళ్ళయినప్పటి నుంచీ ఈ దారిలో లెక్కలేనన్నిసార్లు తిరిగాను. లాప్‌టాప్‌కు వైద్యం చేయించడానికి అత్తగారింటికి బయలుదేరడం మాత్రం ఇదే మొదలు.

నా భార్య సుగుణ మస్కట్‌లో నర్సు. నేను నంద్యాలలో విత్తనాల దుకాణం నడుపుతాను. ఇంట్లో మా అమ్మ, మా పాప, నేను. సుగుణ వెళ్ళినప్పటి నుంచి రాత్రి కుటుంబ ప్రార్థన లాప్‌టాప్ ముందే జరుగుతోంది. ఫోన్‌లో చేయొచ్చు కదా అంటారు. ఫోన్‌లో ముగ్గురం పట్టం. ఆమెకు మా ముగ్గురితో పాటు మా వెనక గోడ, గోడ మీద బైబిల్ వాక్యం ఉన్న క్యాలెండరు, అన్నీ కనపడాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సుగుణ ఏ కోరికనైనా నాతో నేరుగా చెప్పే మనిషి కాదు. ప్రార్థనలో పైకి దేవుడితో చెప్తుంది, నేను పక్కన వింటాను. ఇంటికి ఫ్రిజ్ వచ్చింది అట్లాగే, పాప బడి మారింది అట్లాగే. అలాంటి ప్రార్థన మధ్యలో వేసవి నుంచి లాప్‌టాప్ వైఫై తెగిపోవడం మొదలైంది. కాసేపు బాగుంటుంది, ఉన్నట్టుండి పోతుంది. మేం కళ్ళు మూసుకుని ఉంటాం కాబట్టి ఎప్పుడు పోయిందో తెలియదు. సుగుణ గొంతు ఆగితే కన్నీళ్ళకు ఆగిందేమో అనుకుంటాం. చాలాసేపటికి కళ్ళు తెరిస్తే ఆమె ఉండదు. ఉత్త తెరకు ఆమేన్ చెప్పిన రాత్రులు ఎన్నో.

ఇంటర్నెట్ మనిషిని పిలిస్తే లాప్‌టాప్‌ది తప్పన్నాడు. లాప్‌టాప్ దుకాణంలో ఇంటర్నెట్‌ది తప్పన్నారు. రూటర్‌ను బీరువా మీద పెట్టాను, కిటికీలో పెట్టాను, చివరికి కొత్తది కొన్నాను. ఇద్దరి మధ్యా నేను బంతినయ్యాను. ఇంతలో, ఇంకా రెండేళ్ళు ఉంటావా అని సుగుణను ఆసుపత్రివాళ్ళు అడిగారు. ఆదివారం పొద్దున ఆమె జవాబు చెప్పాలి. ఫోన్‌లో నేను "నీ ఇష్టం" అంటే ఆమె "నీ ఇష్టం" అంటుంది. ఆమె అసలు మాట బయటికొచ్చేది ప్రార్థనలోనే, ప్రార్థనేమో సగంలో తెగిపోతోంది. చేతిలో శనివారం ఒక్కటే మిగిలింది.

అప్పుడు నా మరదలు ప్రమీల ఫోన్ చేసింది. ఆళ్ళగడ్డలో బడిపిల్లలకు కంప్యూటర్ చెప్తుంది. "దాన్ని ఎత్తుకోని ఈడికి రా బావా. మా లైన్ మీద పెట్టి చూస్తే తప్పెవరిదో తెలుస్తాది" అంది. ఇంత చిన్న ఉపాయం అన్ని నెలలూ నా బుర్రకు తట్టలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎడమ వైపు నల్లమల నీలంగా, రోడ్డు పక్కన మొక్కజొన్న పచ్చగా ఉన్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన శిరివెళ్ళ రైతు, నా ఒళ్ళోని సంచీనే చూస్తూ వచ్చాడు.

"ఏందప్పా, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావ్?"

చెప్పాను. ఆయన "నా కొడుకు బెంగళూరులో ఉండాడు. సిగ్నల్ బాగానే ఉంటాది, వాడే మాట్లాడడు" అన్నాడు. శిరివెళ్ళ మెట్టలో దిగుతూ, "నీది బాగైతాది లే" అని నా భుజం తట్టి పోయాడు.

పదిన్నర దాటాక ఆళ్ళగడ్డలో దిగి ఆటో ఎక్కాను. అత్తగారిల్లు శిల్పాలు చెక్కే షెడ్లకు ఆనుకుని ఉంటుంది. పొద్దున మొదలైన ఉలి చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు తలనొప్పి వచ్చేది. సుగుణకేమో నంద్యాలలో అది లేక నిద్ర పట్టేది కాదు.

అత్త జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను తింటుండగానే ప్రమీల లాప్‌టాప్‌ను వాళ్ళ వైఫైకి కలిపి, పక్కనే తన ఫోన్‌ను కూడా కలిపి, రెండింటిలోనూ వీడియోలు పెట్టింది. నేను చేయి కడుక్కునేలోపు లాప్‌టాప్ ఆగిపోయింది. ఫోన్ ఆడుతూనే ఉంది.

"దొంగ దొరికినాడు. మీ రూటర్‌ను ఊరికే తిట్టినావ్ బావా" అంది.

తర్వాత ఆమె చేసినవన్నీ రాస్తున్నాను, ఈ తిప్పలు పడేవాళ్ళకు పనికొస్తాయి. ముందు వైఫై కార్డు కరెంటు ఆదా కోసం నిద్రపోయే ఏర్పాటును తీసేసింది. లాభం లేదు, మళ్ళీ తెగింది. లాప్‌టాప్ తన తప్పులు తానే రాసుకునే చోటు ఒకటుంటుంది, అది తెరిచి చూసింది. తెగిన ప్రతిసారీ కార్డు తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవుతోందని అందులో ఉంది.

"కార్డు లోపల ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంటాది, ఫర్మ్‌వేర్ అంటారు. అది కింద పడి లేస్తాంది. ఎండాకాలంలో ఏమన్నా అప్‌డేట్ చేసినావా?"

చేశాను. తెర మీద కనపడిన ప్రతి బటన్నూ నొక్కే జబ్బు నాకుంది. అప్పుడొచ్చిన ఫర్మ్‌వేర్‌లోనే లోపముందట, సరిచేసినదాన్ని లాప్‌టాప్ కంపెనీ సైటులో పెట్టారు. వైఫైని నమ్మలేం కాబట్టి ప్రమీల దాన్ని ఫోన్‌లోకి దింపి, వైరుతో లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. ఈసారి వీడియో గంట దాటినా ఆగలేదు. అత్త రెండుసార్లు టీ ఇచ్చింది.

రాత్రి డ్యూటీ చేసి పడుకున్న సుగుణ మధ్యాహ్నం లేచే వేళకు కాల్ చేశాం. తడి జుట్టుతో తెర మీదికి వచ్చింది. మమ్మల్ని పలకరించకుండా చెవిని తెర దగ్గరికి తెచ్చింది.

"ఉలి చప్పుడు వినపడుతాందమ్మా" అంది.

అత్త లేచి షెడ్ల వైపు కిటికీ ఇంకా బార్లా తెరిచింది. సుగుణ మొహం అంత దగ్గరగా, అంత దూరంగా నేనెప్పుడూ చూడలేదు. లాప్‌టాప్ తెరలో ఆమె కళ్ళ కింద నలుపు కూడా కనపడుతోంది.

లైన్ తెగలేదు. మాటలు అయ్యాక ప్రార్థన చేసుకుందాం అంది అత్త. అప్పుడు సుగుణ తల దించుకుని, "రేపు ఉంటానని చెప్పేస్తా. పోయిన ఆదివారం అడిగినా గదా, జవాబు వచ్చేసింది" అంది.

"ఏమడిగినావ్?" అన్నాను.

"ప్రార్థనలో అడిగినా. ఈయనకు నేను రావాలని ఉంటే ఒక్క మాట చెప్పించు ప్రభువా అని. నువ్వు కదలకుండా విన్యావ్. మళ్ళ ఫోన్ చేసి కందులు ఎట్ల పోతాండాయో చెప్పినావ్."

"లైన్ తెగిపోయిందే. నాకేం వినపడలా."

"మీరు ముగ్గురూ కనపడుతానే ఉండారు గదా, కళ్ళు మూసుకోని."

ప్రమీల నుదురు కొట్టుకుంది. లైన్ తెగినప్పుడు అవతలివైపు చివరి బొమ్మ కాసేపు అట్లాగే నిలిచిపోతుందని చెప్పింది. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్న మనుషుల బొమ్మ ఆగినా, ఆడినా తేడా ఏముంటుంది? ఆగిపోయిన బొమ్మను సుగుణ నా జవాబు అనుకుంది.

నాకు అప్పుడు తట్టింది. "ప్రార్థనలో నీకు మేమెట్ల కనపడతాం? నువ్వూ కళ్ళు మూసుకుంటావు గదా?"

"ఈడికి వచ్చినకాడి నుంచి ఒక్కనాడూ మూసుకోలా" అంది. "మీరు మూసుకున్నప్పుడే గదా నేను మిమ్మల్ని బాగా చూసుకునేది. అప్పుడు ఏడ్చినా ఎవురూ చూడరు."

"ఈ పొద్దు అల్లుడు చేస్తాడు ప్రార్థన" అని అత్త కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ప్రమీల కూడా మూసుకుంది. నేను మూసుకోలేదు. బుద్ధెరిగినప్పటి నుంచి అదే మొదటిసారి.

"ప్రభువా, నా భార్యను ఇంటికి తోడుకోని రా. నాకు ఆమె లేకుండా బాగలేదు. ఇల్లు ఇల్లు మాదిరి లేదు" అన్నాను.

సుగుణ కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. మళ్ళీ తెగిపోయిందనుకున్నాను. ప్రమీలను పిలవబోతుండగా తెరలో చెయ్యి లేచి చెంప తుడుచుకుంది.

"ఆమేన్" అంది.

సాయంత్రం ఐదున్నరకు తిరుగు బస్సెక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు పోయేటప్పుడు ఎడమ వైపు, వచ్చేటప్పుడు కుడి వైపు కూర్చోండి, నల్లమల కనపడుతుంది. నేను దాన్ని సరిగ్గా చూడలేదు. నా పక్క సీటు ఖాళీగా ఉంటే అందులో సంచీ పెట్టాను, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. ఏళ్ళ తరబడి ఆమె ఆ సీట్లో కూర్చుని పుట్టింటి వైపు వెనక్కి తిరిగి చూస్తూ వచ్చేది, నేను నిద్రపోయేవాణ్ణి.

శిరివెళ్ళ దాటాక ఆమె మెసేజ్ వచ్చింది.

"రేపు పొద్దున వస్తానని చెప్పేస్తా. కొత్త మనిషి దొరికిందాక ఆగాలంట, ఇంకా కొన్నాళ్ళు పడుతాది. అంతవరకు నువ్వు ప్రార్థనలో కళ్ళు మూసుకో. నేను చూసుకోవాల."