ఖాలా పూటసాయం

మొన్న పొద్దుగాల చాయ్ పొయ్యిమీద పెట్టిన్నో లేదో, బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. ఖాలా పెద్దకొడుకు. "చిన్నమ్మా, మా అమ్మీ పోయింది" అన్నడు. ఇంకా ఏదో చెప్పిండు. నిద్రలనే పోయిందట, ఎవ్వరినీ తిప్పలు పెట్టలేదట. నాకు సగమే వినబడ్డది. చాయ్ పొంగి పొయ్యంతా పారింది. "సరే బిడ్డా, వస్తున్న" అని ఫోన్ పెట్టేసి, పొయ్యి తుడుసుకుంట ఏడ్చిన.

ఖాలా అంటే ఉర్దూల పిన్ని. నాకేం చుట్టం కాదు. వాళ్లు ముస్లింలు, మేము హిందువులం. వాళ్లది బోధన్, మాది మెట్‌పల్లి. దోహాల మా ఇద్దరి నడుమ ఒక చెక్కగోడ ఉండె, అంతే సంబంధం. నేను తుమ్మితే అవతల నుంచి "జీతీ రహో", సల్లగ బతుకు అనేది. ఆ గోడ మీద కోపమొచ్చి ఎన్నోసార్లు తిట్టుకున్న. ఇప్పుడు అట్లాంటి గోడ నాకు ఏడ దొరుకుతది?

యాభై ఏండ్ల కింద, ఆయిల్ ధర పెరిగి ఖతర్‌ల పైసలు పొంగుతున్న రోజులవి. ఎటు జూసినా క్రేన్లు, సిమెంటు దుమ్ము. అల్ సద్‌ల ఇప్పుడు ఆకాశాన్ని తాకే బిల్డింగులున్న జాగల అప్పుడు పునాది గుంతలే. ఒక పాత విల్లాను అర్రలు అర్రలు చేసి కిరాయికిస్తుంటే ఒక అర్రల మేము, పక్క అర్రల ఖాలా వాళ్లు. మా ఆయన వెల్డరు. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌ల కొత్త ఊరు కడుతున్నరని అక్కడి క్యాంపుల ఉండేటోడు, గురువారం సాయంత్రం కంపెనీ లారీ ఎక్కి వచ్చేటోడు. నేను ఇంగ్లీషోళ్ల పిల్లల నర్సరీల ఆయాను. మా ఊరోళ్లు మాత్రం "దుబాయ్‌ల నౌకరీ జేస్తుంది" అని చెప్పుకునేటోళ్లు. ఖతర్ అంటే వాళ్లకు ఎక్కది.

ఖాలా ఇంట్లనే మిషన్ పెట్టుకొని ఆడోళ్ల బట్టలు కుట్టేది. ఖతరీ అమ్మలు, నర్సరీ నడిపే ఇంగ్లీషు మేడమ్, అందరూ ఆమె దగ్గరికే. నోట్ల గుండుసూదులు పెట్టుకొనే మాట్లాడేది. "ఒకరోజు మింగుతవు చూడు" అని నేనంటే, "నీ నోట్లకెల్లి వచ్చే సూదులకంటే ఇవే నయం" అనేది. నా నోరు అప్పటికే అంత పేరు మోసింది మరి.

ఇంక అసలు సంగతికి వస్త. కడుపుల పడ్డ పిల్లను తీయించుకోవద్దని ఖాలా గట్టిగ అనేది. ఈ మాట దాచుకొని చెప్పేది కాదు, ఎవలేమనుకుంటరో అని గొంతు తగ్గించేది కాదు. ఆ కాలంల మన దిక్కు ఆసుపత్రుల కడుపు తీయించుకునుడు కొత్తగ అల్కగైంది. గల్ఫ్‌ల పనిజేసే ఆడోళ్లు సెలవు మీద ఇంటికి పోయి, పని కానిచ్చుకొని, ఏం జరగనట్టు తిరిగి డ్యూటీకి వచ్చేటోళ్లు. ఎవరికైనా అట్ల అవసరం పడ్డదని తెలిస్తే చాలు, ఖాలా మిషన్ ఆపి వాళ్లింటికి పోయేది.

కాని ఉత్తచేతులతోని పోయేది కాదు, అది ఆమె పద్ధతి. శుక్రవారం ఆమె అర్రల తెలుగు ఆడోళ్లం కూడితే, ఎవరన్నా "ఉంచుకో తల్లీ, అంతా మంచే అయితది" అన్నరనుకో, వాళ్ల మీదనే పడేది. "మాటసాయం నక్కో జీ, నాకొద్దు. పూటసాయం చెప్పు. ఏ పూట వస్తవు? వంటకు వస్తవా, పిల్లను పట్టుకుంటవా?" అని నిలదీసేది. అప్పటిదాక నీతులు చెప్పినోళ్లు చున్నీ సర్దుకొని "మా ఆయన వచ్చే టైమైంది" అని జారుకునేటోళ్లు. ఆమె మాత్రం ఎప్పుడూ జారుకోలే. బాలింతకు కారం పొడి కొట్టేది, బట్టలు పిండేది, పిల్లను తొడల మీద ఏసుకొని మిషన్ తొక్కేది.

ఆ శుక్రవారాల్లో ఖాలాకు ఎదురు మాట్లాడేది ఒక్కతే. విజయవాడ టైపిస్టమ్మ. షిప్పింగ్ ఆఫీసుల పని, మా అందరికంటే చిన్నది, చదువుకున్నది. "కడుపు ఆవిడది, కష్టం ఆవిడది. తీర్పు మాత్రం మనం చెప్పాలా ఖాలా?" అనేది. ఇద్దరికీ వాదం మొదలైతే మేము బజ్జీలు తినుకుంట చూసేటోళ్లం.

ఒకసారి ఆ వాదంల ఖాలా తన చెల్లెలి సంగతి చెప్పింది. చెల్లెలు బోధన్‌ల ఎవరికీ చెప్పకుంట ఒక నాటు మంత్రసాని దగ్గర కడుపు తీయించుకున్నదట. జ్వరం పట్టుకొని ప్రాణం పోయిందట. "గప్పటి సంది ఎవలింట్ల ఈ పని పేరు ఇన్నా నేను పోకుంట ఉండలేను" అన్నది.

టైపిస్టమ్మ చేతిల బజ్జీ పక్కన పెట్టింది. తర్వాత మెల్లగ, "మీ చెల్లెలు పోయింది తీయించుకున్నందుకు కాదు ఖాలా, దొంగచాటుగా తీయించుకోవాల్సి వచ్చినందుకు. మంచి డాక్టరు దగ్గరికి పోయే దారుంటే బతికేదేమో" అన్నది.

ఖాలా కోపానికి వస్తదనుకున్న. ఆమె నోట్లకెల్లి సూదులు తీసి డబ్బల ఏసింది. "నువ్వన్నది నిజమే కావొచ్చు బేటీ. కాని 'నీకు నేనున్న, తిండి పెడుత, పండుకో' అని ఒక్కళ్లన్నా అనుంటే అది ఆ మంత్రసాని గడప ఎక్కేదే కాదు. నేనూ అనలే" అన్నది. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. ఇప్పటికీ అట్లనే అనిపిస్తది.

అటెనుక కొన్నాళ్లకే నాకు నెల తప్పింది.

నా కొడుకు అప్పటికి మెట్‌పల్లిల మా అక్క దగ్గర ఉన్నడు. వాణ్ణి ఎట్లన్న జేసి దోహా తెచ్చుకోవాలని నా పానం కొట్టుకుంటుండె. అక్క ఫోన్ల "అమ్మ అను రా" అని బతిమాలితే, వాడు అక్కనే అమ్మ అని పిలిచేటోడు. నా డ్యూటీ ఉంటేనే వాడు వచ్చేది. నర్సరీల కడుపొచ్చిన ఆయాను ఇంటికి పంపుడు రివాజు. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నడు. నీ ఇష్టం అనుడు మొగోళ్లకు మస్తు అల్కగ వస్తది. బరువంతా నా నెత్తిన పెట్టి లారీ ఎక్కి షమాల్ పోయిండు. ఇంక ఊకుంటే లాభం లేదని సెలవు అడిగి, టికెట్ తీసుకున్న. పోయి తీయించుకొని వస్తే పీడ పోతదనుకున్న.

ఖాలాకు నేను చెప్పలే. చెక్కగోడే చెప్పింది. పొద్దున్నే వాంతులు ఎన్ని రోజులు దాస్త?

ఆమె ఒకరోజు వచ్చి "నీ నీలం వాయిల్ చీర పాతదైంది కదా, ఇయ్యి" అన్నది. ఎవలికో బొంతకు అనుకొని ఇచ్చిన. ఆ శుక్రవారం పోయి చూస్తే, నా చీరనే చిన్నగ మడతలు పెట్టి, పసిపిల్ల కొలతకు చాప మీద పరిచి కుడుతుంది. ఆడోళ్లంతా ముందు చీరను చూసిన్రు, తర్వాత నా కడుపును చూసిన్రు. నాకు ఒళ్లు మండింది.

"ఇదేంది ఖాలా? పుట్టకముందు పిల్లకు బట్ట కుడితే మా దాంట్ల అపశకునం. తెల్వదా నీకు? అసలు నేను ఉంచుకుంటున్న అని నీకు చెప్పిన్నా?" అని అరిచిన. చీర సూదితో సహా లాక్కొని మా అర్రలకు పోయి తలుపేసుకున్న. ఆ రాత్రి గోడ అవతల మిషన్ తిరగలే.

తెల్లారి నేను డ్యూటీకి తయారైతుంటే ఖాలా వచ్చి గడపల నిలబడ్డది. లోపలికి రాలే. "తప్పు చేసిన బిడ్డా. అందరిల నీ పరువు తీసిన. నిన్ను అడగకుంటనే బొంత పరిచిన. ఇప్పుడు అడుగుతున్న. నీకేం కావాలె?" అన్నది.

ఉంచుకొమ్మంటదేమో, అంటే మళ్ల కయ్యం పెట్టుకుందామని చూస్తున్న. ఆమె అనలే. అడిగి, నోరు మూసుకొని నిలబడ్డది. గా ముచ్చట అప్పటిదాక నన్ను ఒక్కలూ అడగలే, మా ఆయనతో సహా. "నీ ఇష్టం" అన్నోళ్లున్నరు గని ఏం కావాలె అన్నోళ్లు లేరు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు డ్యూటీ కావాలె. నా కొడుకు కావాలె. ఇది కూడ కావాలె ఖాలా, అన్నీ కావాలంటే ఎట్ల కుదురుతది?" అన్న. ఇది కూడ కావాలె అన్న మాట నా నోట్లకెల్లి వచ్చేదాక నాకే తెల్వది.

"అచ్ఛా. అయితే జర ఆగు" అని ఆమె పోయి ఎవరిని పట్టుకొచ్చిందో తెలుసా? టైపిస్టమ్మను. నా డ్యూటీ గురించి నర్సరీ మేడమ్‌తోని ఇంగ్లీషు మాట్లాడాలె కదా. "ఈమెను ఎందుకు తెచ్చినవు, ఈమె తీయించుకొమ్మనే పార్టీ" అన్న నేను. టైపిస్టమ్మకు కోపమొచ్చింది. "ఎవరన్నారండీ? నేనెప్పుడైనా తీయించుకోమన్నానా? ఆవిడ ఇష్టం ఆవిడదే అన్నాను. మీకు కావాలంటే ఉంచుకునే వీలు కూడా ఉండాలి కదా, లేకపోతే అది ఇష్టం ఎలా అవుతుంది?" అన్నది. ఖాలా ఆమె వీపు మీద ఒక్కటి చరిచి, "యల్లా, నడువు" అన్నది.

ముగ్గురం మేడమ్ ముందట నిలబడ్డం. నాకు చేతనైనంతకాలం చేస్త, నాకు చేతకానప్పుడు, బాలింతనప్పుడు నా జాగల ఖాలా వస్తది, డ్యూటీ మాత్రం నాదే ఉండాలె. టైపిస్టమ్మ ఇదంతా ఎంత మంచిగ చెప్పిందో, ఎంత గట్టిగ చెప్పిందో. మేడమ్ మొదలు కుదరదన్నది. తన పండుగ గౌన్లు ఖాలా మిషన్ మీదున్నయని యాదికొచ్చిందో ఏమో, చివరికి మెత్తబడ్డది. నేను టికెట్ వాపస్ చేసిన.

అన్నట్టే ఖాలా నా జాగల డ్యూటీ చేసింది. పొద్దున నర్సరీ, సాయంత్రం మిషన్. ఆమెకు ఇంగ్లీషు మాఫీ, ఒక్క ముక్క రాదు. ఆ తెల్లపిల్లలకే ఆమె మాట నేర్పింది. ఆడపిల్ల పుట్టినంక నేను తిరిగి డ్యూటీకి పోయిన నాడు ఒక బంగారు జుట్టు పిల్ల నా కొంగు పట్టుకొని "జర పానీ దేవ్" అంటే నవ్వలేక సచ్చిన. నేను పోయిన పూటల నా బిడ్డ ఖాలా తొడల మీద, కొన్ని సాయంత్రాలు టైపిస్టమ్మ ఒళ్లో. ఆ నీలం చీరను నేనే తీసుకపోయి ఖాలా చేతుల పెట్టిన, "ఇప్పుడు కుట్టు" అని. ఆ తర్వాత నా కొడుకును కూడ తెచ్చుకున్నం. వాడు నన్ను అమ్మ అనెటందుకు మస్తు రోజులు తీసుకున్నడు, అది వేరే కథ.

ఆ నాటి నుంచి ఖాలా ఎవ్వరికీ ముందుగాల బొంత పరచలే. ముందు అడిగేది. అడిగి ఊకునేది.

ఆ తర్వాత టైపిస్టమ్మకు పెండ్లయి, కడుపొచ్చి, బీపీ ఎక్కువై కండ్లు మసకలు కమ్మినయి. ఉంచితే తల్లి బతకదన్నరు డాక్టర్లు. ఎంత కావాలనుకున్న పిల్లనో! తీయక తప్పలే. ఖాలా ఏమంటదో అని అందరం చూసినం. ఆమె యఖ్నీ, మటన్ చారు చేసుకొని ఆసుపత్రికి పోయి, చెంచాతోని తాపింది. "ఇప్పుడు మీరూ నా పార్టీయేనా ఖాలా?" అని టైపిస్టమ్మ ఏడ్చుకుంటనే నవ్విందట. "కాదు. నువ్వు బతకాలె, అంతే. నోరు తెరువు" అన్నదట. ఎన్ని పూటలు పోయిందో ఆమె దగ్గరికి!

ఖాలా చెప్పినట్టు ఉంచుకొమ్మని నేను అందరికీ చెప్ప. ఒక్కొక్క ఆడిదాని కష్టం ఒక్కొక్క తీరుగుంటది, నాకేం తెలుస్తది? ఈ మాట ఆమెతోనే అన్న, తిట్టింది కూడ. కాని ఆమెలెక్క తన మాటకు తన ఒళ్లు అరగదీసుకున్న మనిషిని నేను ఇంకొకల్లను చూడలే. ఇటుపార్టీల చూడలే, అటుపార్టీల చూడలే.

నా బిడ్డకు ఈ కథంతా తెలుసు. నిజామాబాద్‌ల జిరాక్స్ షాపు నడుపుతది, నోరు నాదే వచ్చింది. "మా అమ్మ టికెట్ తీసుకుంటే ఖాలా క్యాన్సల్ చేయించింది" అని నా ముందటనే నవ్వుకుంట చెప్తది. మొన్న ఫోన్ వచ్చిన నాడు ఇద్దరం కలిసే బోధన్ పోయినం. మేం చేరేసరికే మట్టి చేసిన్రు. ఇల్లంతా ఆడోళ్లు. ఖాలా ఎన్నెన్ని ఇండ్లల్ల పూటలు చేసిందో ఆ నాడు తెలిసింది.

వాకిట్ల ఒక మూలకు ఒక చిన్న పిల్ల కూసున్నది. కొత్తగ కాపురానికొచ్చిన పిల్ల లెక్క ఉన్నది. ముందటున్న ప్లేటు ముట్టలే. ఖాలా కోడలు నా చెవుల, "పక్కింటి పిల్ల చిన్నమ్మా. మూడో నెల. మొగడు కువైట్‌ల ఉన్నడు, వద్దంటున్నడట. అమ్మీ రోజూ పోయి కూసునేది" అన్నది. చుట్టున్నోళ్లు అప్పుడే మొదలువెట్టిన్రు. ఒకామె "ఉంచుకో తల్లీ, దేవుడున్నడు" అంటుంది. ఇంకొకామె "ఈ వయసుల నీకెందుకు, తీయించుకో" అంటుంది. ఆ పిల్ల ఎవల దిక్కూ చూస్తలేదు.

నేను లేవబోయిన. నాకంటే ముందే నా బిడ్డ లేచి పోయి ఆ పిల్ల పక్కన నేల మీద కూసున్నది. ప్లేటు జర పక్కకు జరిపింది. "నీకేం కావాలె?" అని అడిగింది.

ఆ పిల్ల తలెత్తింది. నా బిడ్డ, ఏ మాటకైనా నిమిషం ఆగని నా బిడ్డ, చేతులు ఒళ్లో పెట్టుకొని, నోరు మూసుకొని, ఆ పిల్ల మొఖం చూసుకుంట కూసున్నది.